భుజ్ రన్‌వే మీద మూడు రోజులు
(బాపట్లలో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పెద్దలకు, మాస్టార్లకు, వెనక బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్న పిల్లలకు కూడా.

ఈ బల్ల మీద ఒక కాంక్రీటు ముక్క పెట్టాను. గుండ్రంగా, చిన్న రోకలి ముక్కలా ఉంది చూడండి. దీన్ని కోర్ అంటాం. రన్‌వే వేశాక అక్కడక్కడ మిషన్‌తో తొలిచి ఇలాంటి ముక్కలు తీసి, ల్యాబ్‌లో ప్రెస్‌లో పెట్టి పగలగొట్టి బలం చూస్తాం. పగలగొట్టకుండా మిగిలిపోయిన ముక్క ఇది. మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లో, అంటే ఎంఈఎస్‌లో, నేను చేసిన ఉద్యోగానికి గుర్తుగా నా దగ్గర ఉంచుకున్నాను.

మీ ఊరికి ఎయిర్ ఫోర్స్ కొత్త కాదు. సూర్యలంక బీచ్‌కి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఆ స్టేషన్ గేటు తెలుసు. అక్కడ క్షిపణులు ప్రయోగిస్తారని, మన సముద్రం మీద పరీక్షలు జరుగుతాయని మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విషయమే. అయితే ఈ రోజు నన్ను మాట్లాడమన్నది యుద్ధ విమానాలు ఎగిరే స్థావరం గురించి. ఏ స్థావరం గురించి చెప్పాలా అని చాలా ఆలోచించాను. అంబాలా చెప్పొచ్చు, పఠాన్‌కోట్ చెప్పొచ్చు, మన దుండిగల్ చెప్పొచ్చు. చివరికి గుజరాత్‌లో కచ్ జిల్లా భుజ్ ఎంచుకున్నాను. కారణం ఒక్కటే. ఎయిర్ బేస్ అనగానే అందరూ పైకి చూస్తారు. నా ఉద్యోగం నన్ను ముప్పై ఏళ్లు కిందికి చూడమంది. కింద ఉన్న నేల కథ భుజ్‌లో కనిపించినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ముందు ఆ ఊరు ఎక్కడుందో మనసులో పెట్టుకోండి. మ్యాపులో గుజరాత్ పడమటి చివర తాబేలు వీపులా ఒక ముక్క కనిపిస్తుంది, అదే కచ్. దానికి ఉత్తరాన రణ్. వానాకాలం నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం కనుచూపు మేర ఉప్పు. ఆ రణ్ దాటితే పాకిస్తాన్‌లోని సింధ్. భుజ్ నుంచి కరాచీ గాల్లో కొలిస్తే దాదాపు 325 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లినంత దూరం అనుకోండి.

1947కి ముందు కచ్ వాళ్లకు కరాచీ పరాయి ఊరు కాదు. సరుకు అమ్ముకోవడానికి, పని వెతుక్కోవడానికి, ఓడ ఎక్కడానికి వెళ్లే పెద్ద ఊరు. దేశం విడిపోగానే ఆ దారి మూతపడింది. పోయిన కరాచీ రేవు బదులుగానే కచ్‌లో కాండ్లా రేవు కట్టుకున్నాం. అంతవరకు ఓ మూలన ఉన్న భుజ్ ఒక్కసారిగా సరిహద్దు పట్టణం అయింది. ఊరి ఉత్తరాన ఉన్న విమానాశ్రయానికీ ఆ బరువు వచ్చిపడింది. రుద్రమాత పేరుతో ఆ స్థావరాన్ని ఇప్పటికీ పిలుస్తారు. యుద్ధ విమానాలు, ప్రయాణికుల విమానాలు అక్కడ ఒకే రన్‌వే వాడుకుంటాయి.

ఇక్కడ గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఉంటే ఒక పేరు వెంటనే గుర్తుపడతారు, బల్వంతరాయ్ మెహతా. మూడంచెల పంచాయతీరాజ్ సిఫార్సు చేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1959లో రాజస్థాన్ తర్వాత ఆ విధానం తెచ్చుకున్నది మన ఆంధ్రప్రదేశే. ఆ మెహతా గారు తర్వాత గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. 1965 యుద్ధం జరుగుతుండగా సెప్టెంబర్ 19న కచ్ సరిహద్దు చూడడానికి చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానంలో బయలుదేరారు. పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానం దాన్ని కూల్చేసింది. ఆయన, ఆయన భార్య, పైలట్ జహంగీర్ ఇంజనీర్‌తో సహా విమానంలో ఉన్న ఎనిమిది మందీ సుథ్రీ ఊరి దగ్గర చనిపోయారు. కూల్చిన పైలట్ 46 ఏళ్ల తర్వాత, 2011లో, జహంగీర్ ఇంజనీర్ గారి కూతురికి ఉత్తరం రాసి తన బాధ చెప్పుకున్నాడు. ఆమె ఎంతో పెద్ద మనసుతో జవాబు రాసింది. పంచాయతీరాజ్ పాఠం చదివేటప్పుడు ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పాలని నాకు ఉంటుంది. కచ్ ఆకాశం ఎంత దగ్గరి సరిహద్దో ఆ ఒక్క ఘటనతో అర్థమవుతుంది.

ఇక 1971కి వద్దాం. ఆ సంవత్సరం అనగానే మన కోస్తా వాళ్లకు విశాఖ, ఘాజీ సబ్‌మెరైన్ గుర్తొస్తాయి. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ దగ్గర మునిగింది. అదే 3వ తేదీ సాయంత్రం దేశానికి అటు చివర పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డుల మీద పడ్డాయి. అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్, అంబాలా, ఆగ్రా, జోధ్‌పూర్ ఇంకా చాలా. ఎందుకు ఎయిర్‌ఫీల్డులు? గాల్లో ఉన్న విమానాన్ని కొట్టడం కష్టం. అది ఎగిరే నేలను కొట్టడం తేలిక. నేల పోతే విమానం బొమ్మే.

ఈ మాట తేలిగ్గా అనడం లేదు. అదే యుద్ధంలో మనవాళ్లు ఢాకా దగ్గర తేజ్‌గావ్‌లో చేసింది ఇదే. తూర్పు పాకిస్తాన్‌లో వాళ్లకు ఉన్నది సేబర్ విమానాల స్క్వాడ్రన్, అంటే దళం, ఒక్కటే. మన మిగ్-21లు వచ్చి రన్‌వే నడుమ బాంబులు వేసి గోతులు చేశాయి. వాళ్లు పూడ్చారు, మనవాళ్లు మళ్లీ కొట్టారు. నాలుగైదు రోజుల్లో ఆ స్క్వాడ్రన్ నేలకు అంటుకుపోయింది. విమానాలు ఉన్నాయి, పైలట్లు ఉన్నారు, పరిగెత్తడానికి రెండు కిలోమీటర్ల నేల లేదు. ఆ తర్వాత యుద్ధం ముగిసేదాకా తూర్పున ఆకాశమంతా మనదే.

అదే వారంలో భుజ్‌లో మన పరిస్థితి దీనికి తలకిందులు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఆ స్థావరం మీద దాడులు జరుగుతూనే ఉన్నాయి. డిసెంబర్ 8 రాత్రి సేబర్లు వచ్చి వేసిన బాంబులకు రన్‌వే పనికిరాకుండా పోయింది. మన నేవీ కరాచీ మీద రెండోసారి దాడి చేసింది కూడా ఆ రాత్రే. కరాచీకి ఇటువైపు ఇంత దగ్గరలో ఉన్న మన రన్‌వే మూతపడడం అంటే ఎంత టెన్షనో ఊహించుకోండి.

ఇక్కడ కాస్త ఆగి, బాంబు పడితే రన్‌వేకి ఏమవుతుందో చెప్పాలి. సినిమాల్లో గొయ్యి పడినట్టు చూపిస్తారు. లారీతో మట్టి పోసి పూడిస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. అలా కాదు. బాంబు రన్‌వే మీది కాంక్రీటు పలకను చీల్చుకుని లోపలికి దిగి, అడుగున పేలుతుంది. పైకి కనిపించే గొయ్యి చిన్నదే. దాని చుట్టూ కాంక్రీటు పలకలు పొంగి, అప్పడం అంచులా పైకి లేస్తాయి. ఆ లేచిన అంచు తగిలితే చాలు, గంటకు 250 కిలోమీటర్ల పైన వస్తున్న విమానం చక్రం విరుగుతుంది. కాబట్టి ముందు ఆ పొంగిన పలకలన్నీ పగలగొట్టి, కనిపించే గొయ్యికన్నా బాగా వెడల్పుగా తీసేయాలి. లోపలికి జారిపడ్డ వదులు మట్టి ఎత్తిపోయాలి. తర్వాత పెద్ద రాయి, దాని మీద చిన్న రాయి, పొర పొరకూ దిమ్మిస. పైన మూత. పొరల్లో ఒక్కదాన్ని సరిగ్గా కుదించకపోయినా మొదటి విమానం బరువుకే అది కుంగుతుంది.

ఇంకొకటి, ఊడ్పు. ఇదిగో ఇంత కంకర రాయి, బఠాణీ గింజంత, జెట్ ఇంజన్ పీల్చుకుంటే లోపలి రెక్కలు చెడిపోతాయి. అందుకే ఏ స్థావరంలో అయినా తెల్లవారుజామున రన్‌వే ఊడుస్తారు, మనుషులు వరసగా నడుస్తూ రాళ్లు ఏరతారు. బాంబు పడిన చోట రాళ్లు ఎంత దూరం చిమ్ముతాయో, ఎన్ని ఉంటాయో ఆలోచించండి. అవన్నీ చేత్తో ఏరాలి.

ఇంత పని ఉంది. భుజ్ స్థావరం బాధ్యతలో ఉన్నది స్క్వాడ్రన్ లీడర్ విజయ్ కార్ణిక్. ఆయన దగ్గర ఉన్న కొద్దిమంది కాపలా కాయాలా, విమానవిధ్వంసక తుపాకుల దగ్గర నిలబడాలా, గోతులు పూడ్చాలా? కూలీలు కావాలి. బాంబులు పడుతున్న చోటికి కూలీలు ఎక్కడి నుంచి వస్తారు?

భుజ్ పక్కనే మాధాపర్ అనే ఊరుంది. ఎక్కువగా పటేల్ కుటుంబాలు. మగవాళ్లు చాలామంది ఆఫ్రికాకు, లండన్‌కు పనికి వెళ్లే ఊరు. జిల్లా యంత్రాంగం, ఊరి సర్పంచ్ వెళ్లి అడిగితే దాదాపు 300 మంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చంటిపిల్లలను ఇరుగుపొరుగు వాళ్లకు అప్పజెప్పి వచ్చినవాళ్లూ ఉన్నారు.

వాళ్లు తర్వాత ఏళ్లలో ఎన్నోసార్లు చెప్పుకున్న మాటల్లో నాకు మనసులో నిలిచినవి చెప్తాను. మొదటి రోజు తిండి లేదు, ఖాళీ కడుపుతోనే పని. రెండో రోజు దగ్గరి గుడి నుంచి పండ్లు, మిఠాయిలు పంపారు. పైనుంచి కనబడకుండా లేత ఆకుపచ్చ చీరలు కట్టుకోమన్నారు. సైరన్ మోగితే తట్టలు పడేసి పొదల్లోకి, కందకాల్లోకి పరుగు. విమానాలు వెళ్లిపోయాయని ఇంకో సైరన్ మోగితే మళ్లీ తట్ట ఎత్తుకోవడం. తెల్లారి మొదలుపెట్టి పొద్దుగూకే వరకు అదే పని.

రన్‌వే శత్రువుకు కనబడకుండా వాళ్లు చేసిన పని వింటే మన ఆడవాళ్లు వెంటనే అర్థం చేసుకుంటారు. పేడతో అలికారు. కొత్తగా వేసిన సిమెంటు అతుకు ఎండలో తెల్లగా మెరుస్తుంది. పైనుంచి చూసే పైలట్‌కి, ఇదిగో ఇక్కడే బాగుచేశారు, మళ్లీ ఇక్కడే కొట్టు అని చూపించినట్టు ఉంటుంది. పేడ అలికితే ఆ మెరుపు చచ్చి, చుట్టూ ఉన్న నేల రంగులో కలిసిపోతుంది. మన ఊళ్లలో వాకిలి అలికి కళ్లాపి చల్లిన చేతులకు ఎంత కలిపితే ఎంత రంగు వస్తుందో, ఎప్పుడు ఆరుతుందో కొలతలు అక్కర్లేదు. మా పుస్తకాల్లో దీన్ని మభ్యపెట్టే పూత అని పెద్ద పేరుతో పిలుస్తాం. మాధాపర్ ఆడవాళ్లకు అది రోజూ పొద్దున చేసే పని.

మూడు రోజులు, 72 గంటలు. నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి ఆ రన్‌వే మీద నుంచి విమానం లేచింది.

సివిల్ పిల్లలకు నేను ఒకటి చెప్పాలి. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులని మీకు నేర్పుతాం. పరీక్షలో 28 అనే రాయండి, అది నిజమే. కానీ అక్కడ ఉన్నవి మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో రన్‌వేని నిలబెట్టేది పైనున్న సిమెంటు కాదు, దాని కింద రాయి ఎంత గట్టిగా కూర్చుందో అది. అంటే దిమ్మిస వేసిన చేతులు. యుద్ధం అయ్యాక ప్రభుత్వం ఆ మహిళలకు 50,000 రూపాయలు బహుమతిగా ఇచ్చింది. వాళ్లు పంచుకోలేదు. ఊరికి కమ్యూనిటీ హాలు కట్టించుకున్నారు. నలభై ఏళ్లు దాటాక, 2015లో మాధాపర్‌లో వాళ్ల పేరున వీరాంగనా స్మారకం వచ్చింది. అంత ఆలస్యం కాకుండా ఉండాల్సింది, అప్పటికి వాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు 2025 మే 26న భుజ్ వచ్చిన ప్రధానమంత్రిని కలిసి ఒక సిందూరం మొక్క ఇచ్చారు.

నా అనుభవంలో ఒక సంగతి చెప్తాను. పడమటి సరిహద్దులో ఒక స్థావరం, పేరు వద్దు. రాత్రిపూట పని. పగలు ఎండకు కాంక్రీటు పగుళ్లిస్తుందని రాత్రి పోసి, తెల్లారేసరికి గోనెపట్టాలు తడిపి కప్పేవాళ్లం. ఒక పలక పని అయిపోయింది, కాగితాల మీద అన్నీ బాగున్నాయి. నీళ్లు చల్లే రాజస్థానీ కూలీ ఆమె, యాభై దాటిన మనిషి, గోనెపట్టా ఎత్తి ఇనుప కమ్మీతో తట్టి చూసింది. నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. నేను వెళ్లి తట్టాను. ఒక మూల ఖంగుమంది, దాని పక్కన డొల్లగా మోగింది. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అదే తేడా. పలక పగలగొట్టి చూస్తే అడుగున చేయి పట్టేంత ఖాళీ. ఆ పలక మీద విమానం దిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ. ఆ రోజు నుంచీ ప్రతి పలకా నేను స్వయంగా తట్టి చూడకుండా సంతకం పెట్టలేదు. మాధాపర్ గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆమె ముఖమే కనిపిస్తుంది.

మళ్లీ భుజ్‌కి. 2001 జనవరి 26, రిపబ్లిక్ డే. ఉదయం 8 గంటల 46 నిమిషాలకు భూకంపం. కచ్ అంతా కూలింది. 13,000 మందికి పైగా చనిపోయారు. స్థావరంలో క్వార్టర్లు పడిపోయి ఎయిర్ ఫోర్స్ వాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు ఎంతోమంది పోయారు. కంట్రోల్ టవర్ దెబ్బతింది. ఇళ్లు పోయినవాళ్లు, తమవాళ్లను అప్పుడే పోగొట్టుకున్నవాళ్లు అదే రోజు విమానాలు దింపే పనిలోకి దిగారు. రోడ్లు, ఫోన్లు తెగిపోయిన ఆ రోజుల్లో కచ్‌కి బయటి ప్రపంచంతో మిగిలిన దారి రన్‌వేనే. ఏఎన్-32, ఐఎల్-76 రవాణా విమానాలు వరసగా దిగాయి. డాక్టర్లను, టెంట్లను, మందులను దించి, గాయపడ్డవాళ్లను ఎక్కించుకుని వెళ్లాయి. ముప్పై ఏళ్ల కిందట ఊరు రన్‌వేని కాపాడింది. ఈసారి రన్‌వే ఊరిని ఆదుకుంది.

ఈ రోజు భుజ్ పాత్ర ఏమిటంటే, గాంధీనగర్‌లో ఉన్న సౌత్ వెస్టర్న్ ఎయిర్ కమాండ్ కింద, పక్కనున్న నలియా, జామ్‌నగర్ స్థావరాలతో కలిసి రణ్‌ను, సరిహద్దు పాయ సర్ క్రీక్‌ను, ఆ సముద్రపు మూలను కనిపెట్టుకుని ఉండడం. 1999లో సర్ క్రీక్ దగ్గర పాకిస్తాన్ నేవీ అట్లాంటిక్ విమానాన్ని కూల్చిన మిగ్-21లు నలియా నుంచి లేచినవే. 2025 మేలో డ్రోన్లు వచ్చినప్పుడు భుజ్ మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. ప్రయాణికుల విమానాలు కొన్ని రోజులు ఆపేశారు. ఆయుధం మారింది, గురి మారలేదు. ఇప్పటికీ శత్రువు చూసేది ఎయిర్‌ఫీల్డు వైపే.

అందుకే ఒక రన్‌వే పోతే ఇంకోటి ఉండాలన్న ఆలోచన మన ఇంటి ముందుకు కూడా వచ్చింది. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లినప్పుడు గమనించారా, నాలుగు కిలోమీటర్ల మేర రోడ్డు గీత గీసినట్టు తిన్నగా, నున్నగా ఉంటుంది. ఆ ముక్క పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. అవసరం పడితే విమానాలు దిగడానికి వేసింది. 2022 డిసెంబర్ 29న మొదటిసారి యుద్ధ విమానాలు దాని మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి చూశాయి. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ దిగి మళ్లీ లేచాయి, సుఖోయ్‌లూ వచ్చాయి. రోజూ పొగాకు లారీలు, మిర్చి లారీలు, తిరుపతి బస్సులు వెళ్లే రోడ్డు అది. అక్కడ పలక కింద రాయి ఎలా వేశారో, మామూలు రోడ్డుకీ దానికీ తేడా ఏమిటో, మీ మాస్టార్లను తీసుకెళ్లి చూపించమని అడగండి. ఆ రోడ్డు పక్క పొలాల రైతులను కూడా పలకరించండి. విమానాలు దిగిన రోజు ఏం చూశారో వాళ్లు నాకన్నా బాగా చెప్తారు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఈ కోర్ ఇక్కడే ఉంచుతాను. ఒక్కొక్కరు వచ్చి చేతిలోకి తీసుకుని, తాళం చెవితో ఒకసారి తట్టి వినండి. పక్కనే ఇంకో ముక్క కూడా పెట్టాను, అది బాగా కుదరనిది. ఏది ఏదో నేను చెప్పను, విని మీరే చెప్పాలి. ప్రశ్నలుంటే ఆ తర్వాత అడగండి.